ఈ-క్యాట్ డెమోను ఫేక్ చేయొచ్చా? తడి ఆవిరి, ఎర్త్ వైరు చుట్టూ తిరిగిన 'అద్భుత యంత్రం' కథ ఇదీ!

చిటికెడు నికెల్ పొడి, కాస్త హైడ్రోజన్ గ్యాస్, ఒక కరెంటు ప్లగ్. ఇవి ఉంటే చాలు, పెట్టిన కరెంటుకు పది రెట్లు వేడి వస్తుందంటూ 2011లో ఇటలీలో ఒక డెమో జరిగింది. యంత్రం పేరు ఈ-క్యాట్, పూర్తి పేరు ఎనర్జీ క్యాటలైజర్. తయారు చేసినాయన ఆండ్రియా రోసీ. ఆ వీడియోలు ఇప్పటికీ యూట్యూబ్‌లో తిరుగుతూనే ఉన్నాయి. ఒకసారి చూస్తే ఎవరికైనా అనుమానం రాదు. యూనివర్సిటీ ప్రొఫెసర్లు ఉన్నారు, మీటర్లు ఉన్నాయి, లాప్‌టాప్‌లో గ్రాఫ్ కదులుతోంది, పైపులోంచి ఆవిరి వస్తోంది. ఇంకేం కావాలి?

ఈ యంత్రాన్ని నమ్మేవాళ్లు అప్పటి నుంచీ అడిగే ప్రశ్న ఒక్కటే. "అంతమంది సైంటిస్టులు పక్కనే నిలబడి చూస్తుంటే మోసం ఎలా చేస్తారు?" మంచి ప్రశ్నే. ఈ కథనంలో దాన్నే చూద్దాం. ముందుగా ఒక మాట. ఈ-క్యాట్ విషయంలో రోసీ మోసం చేశారని ఏ కోర్టూ తేల్చలేదు. తన యంత్రం నిజమేనని ఆయన మొదటి నుంచీ చెబుతూనే ఉన్నారు. కాబట్టి మనం చూడబోయేది ఫలానా రోజు మోసం జరిగిందా అని కాదు, జరిగే సందు ఉందా అని.

అసలేం జరిగింది?

2011 జనవరి 14. ఇటలీలోని బొలోన్యా. బొలోన్యా యూనివర్సిటీలో పనిచేసిన సీనియర్ ఫిజిక్స్ ప్రొఫెసర్ సెర్జియో ఫొకార్డి, రోసీ కలిసి యంత్రాన్ని జనానికి చూపించారు. అదే యూనివర్సిటీకి చెందిన జుసెప్పె లెవీ కొలతలు తీసుకున్నారు. యంత్రంలోకి నిమిషానికి 292 గ్రాముల నీళ్లు పంపారు. అటువైపు ఆవిరి వచ్చింది. తీసుకున్న కరెంటు ఒక కిలోవాట్‌కు అటూఇటూ. బయటికొచ్చిన వేడి 12 కిలోవాట్లు అని ప్రకటించారు. మన ఇళ్లలో ఉండే 2 కిలోవాట్ల గీజర్లు ఆరు ఒకేసారి ఆన్ చేసినంత వేడి అన్నమాట.

లోపల ఏం జరుగుతోందంటే నికెల్, హైడ్రోజన్ కలిసి అణు చర్య జరుగుతోందన్నారు. మధ్యలో ఒక రహస్య ఉత్ప్రేరకం ఉందట. అదేంటో చెప్పలేదు. 1989లో అమెరికాలోని యూటా నుంచి ఫ్లైష్‌మన్, పోన్స్ అనే ఇద్దరు కెమిస్టులు 'కోల్డ్ ఫ్యూజన్' అని ప్రకటించి ప్రపంచాన్ని ఊపేశారు. ఎవరికి వాళ్లు చేసి చూస్తే ఆ ఫలితం నమ్మకంగా మళ్లీ రాలేదు. ఈ-క్యాట్ ఆ దారిలోనే వచ్చింది. కాకపోతే అక్కడ వచ్చిందన్న వేడి వాట్లలో ఉంటే, ఇక్కడ ఏకంగా కిలోవాట్లలో ఉంది.

అణు చర్యతో 12 కిలోవాట్ల వేడి వస్తుంటే మామూలుగా గామా కిరణాలు రావాలి. గదిలో ఉన్నవాళ్లకు ప్రాణాపాయం ఉండాలి. డెమోల్లో మామూలు స్థాయికి మించి రేడియేషన్ కనిపించలేదు. "ఇది కొత్త రకం చర్య" అన్నారు. సరే, కొత్త రకమే అనుకుందాం. వేడి వచ్చిందా లేదా అన్నదైనా తేలాలి కదా.

అదే ఏడాది మార్చి 29న స్వీడన్ నుంచి ఇద్దరు ఫిజిక్స్ ప్రొఫెసర్లు వచ్చి చూశారు. ఒకరు హన్నో ఎస్సెన్, అప్పట్లో స్వీడన్ హేతువాదుల సంఘానికి ఛైర్మన్. ఇంకొకరు స్వెన్ కులాండర్, స్వీడన్ రాయల్ అకాడమీ ఆఫ్ సైన్సెస్‌లో ఎనర్జీ వ్యవహారాలు చూసేవారు. సుమారు 300 వాట్లు తీసుకుని అదనంగా 4.4 కిలోవాట్లు ఇచ్చిందని, ఆరు గంటల లోపు సుమారు 25 యూనిట్ల వేడి వచ్చిందని వాళ్లు రాశారు. దీంతో కథ ఎక్కడికో వెళ్లిపోయింది. హేతువాదుల ఛైర్మనే చూసి వచ్చాడంటే ఇంక అనుమానం ఏముంటుంది?

తడి ఆవిరి.. మొత్తం లెక్కను తారుమారు చేసే చిన్న విషయం

మార్చి 29 అంకెలనే తీసుకుందాం. యంత్రంలోకి గంటకు 6.47 కిలోల నీళ్లు వెళ్లాయి. నీళ్లు 18 డిగ్రీల దగ్గర ఉన్నాయి. వాటిని 100 డిగ్రీల దాకా తేవడానికి ఎంత పవర్ కావాలి? సుమారు 600 వాట్లు. అంతే! అక్కడి నుంచి ఆ నీళ్లన్నిటినీ ఆవిరి చేయడానికి మాత్రం ఇంకో 4 కిలోవాట్లు కావాలి. నీళ్లు కాగడం తేలిక, ఆవిరి కావడం కష్టం. వంటింట్లో ఉన్నవాళ్లకు ఇది చెప్పక్కర్లేదు. గిన్నెలో నీళ్లు ఐదు నిమిషాల్లో మరుగుతాయి. అవి పూర్తిగా ఇగిరిపోవాలంటే అరగంట పైనే పడుతుంది.

అంటే ప్రకటించిన వేడిలో ఏడు వంతుల్లో ఆరు వంతులు ఒకే ఒక్క నమ్మకం మీద నిలబడ్డాయి. లోపలికెళ్లిన నీళ్లన్నీ ఆవిరైపోయాయన్న నమ్మకం మీద.

మరి ఆవిరైపోయాయని ఎలా తెలుసు? థర్మామీటర్ 100 డిగ్రీలు చూపించింది కాబట్టి అంటే కుదరదు. మరిగే నీళ్లూ 100 డిగ్రీలే, ఆవిరీ 100 డిగ్రీలే. థర్మామీటర్‌కు తేడా తెలియదు. మొదటి డెమోల్లో ఆవిరి 'పొడిగా' ఉందని చెప్పడానికి గాలిలో తేమను కొలిచే ప్రోబ్‌ను వాడారు. గదిలో గాలి ఎంత తేమగా ఉందో చెప్పే పరికరం అది. ఆవిరిలో నీటి తుంపర ఎంత బరువు ఉందో అది చెప్పలేదు. ఈ అభ్యంతరం ఇంజనీర్ల నుంచి వెంటనే వచ్చింది. బాయిలర్ దగ్గర పనిచేసిన వాళ్లెవరికైనా తడి ఆవిరి, పొడి ఆవిరి తేడా తెలుసు.

కంటితో చూసి చెప్పొచ్చు కదా అంటారా? అదీ మోసం చేస్తుంది. నీళ్లు ఆవిరైతే 1,600 రెట్లకు పైగా ఉబ్బుతాయి. పైపులో తూకం ప్రకారం 1 శాతమే ఆవిరి, 99 శాతం నీళ్లే ఉన్నా, చోటు మాత్రం 94 శాతం ఆవిరే ఆక్రమిస్తుంది. చూసేవాళ్లకు పైపు నిండా ఆవిరే! పైగా తెల్లగా కనిపించేది అసలు ఆవిరి కాదు, గాలి తగిలి చల్లబడి ఏర్పడిన నీటి తుంపర. నిజమైన ఆవిరి కంటికి కనబడదు.

ఇంకో లెక్క చూడండి. గంటకు 6.47 కిలోల నీళ్లు నిజంగా ఆవిరైతే సెకనుకు దాదాపు 3 లీటర్ల ఆవిరి రావాలి. వేలు లావు రబ్బరు పైపులోంచి అది గంటకు ముప్పై, నలభై కిలోమీటర్ల స్పీడుతో దూసుకురావాలి. ప్రెషర్ కుక్కర్ విజిల్ ఎత్తితే వచ్చే ఊపు ఆగకుండా వస్తూనే ఉండాలి. 2011 జూన్‌లో స్టీవెన్ క్రివిట్ అనే అమెరికన్ జర్నలిస్టు బొలోన్యా వెళ్లి వీడియో తీశారు. ఈయన ఆ రంగం మీద ఏళ్ల తరబడి రాస్తున్న మనిషే, కొత్తవాడు కాదు. ఆ వీడియోలో నల్ల పైపు చివర నుంచి ఆవిరి మెల్లగా, టీ కప్పు మీద పొగలాగా లేచింది. పైపు పొడవుగా ఉంది కాబట్టి దారిలో చల్లబడిందని రోసీ వివరణ ఇచ్చారు. కొంత చల్లబడడం నిజమే. కానీ అన్ని కిలోవాట్లు ఆ రబ్బరు పైపులో చల్లబడిపోతే, పైపు పక్కన చెయ్యి పెట్టలేం.

నన్నడిగితే ఈ కథ మొత్తంలో తేల్చేయడానికి అత్యంత సులువైన పాయింట్ ఇదే. ఒక డ్రమ్ములో 50 కిలోల చన్నీళ్లు పోయండి. ఆ పైపు చివరను పది నిమిషాలు అందులో ముంచండి. వచ్చేది పూర్తి ఆవిరైతే డ్రమ్ములో నీళ్లు 13 డిగ్రీల వరకు వేడెక్కుతాయి. వచ్చేది మరిగిన నీళ్లయితే పెరిగేది 2 డిగ్రీల లోపే. దీనికి ప్రొఫెసర్లు అక్కర్లేదు. తూకం రాయి, థర్మామీటర్, డ్రమ్ము చాలు. ఈ సలహా అప్పుడే చాలామంది ఇచ్చారు.

ఆవిరి లేకుండానే ఒక టెస్ట్ జరిగిందని, 2011 ఫిబ్రవరిలో 18 గంటల పాటు నీళ్లను మరగనివ్వకుండా, ఎక్కువ నీళ్లు పంపి చూశామని, కనీసం 15 కిలోవాట్లు వచ్చాయని లెవీ చెప్పారు. ఇది రోసీ వైపు వాళ్లు చూపించే బలమైన పాయింటే. నీళ్లు మరగకపోతే తడి ఆవిరి గొడవే ఉండదు కాబట్టి. కానీ ఆ టెస్ట్ బయటివాళ్ల ముందు జరగలేదు, కొలతల పూర్తి చిట్టా బయటికి రాలేదు.

మరి ఆ మిగిలిన 300 వాట్లు?

ఇక్కడో చిక్కుంది. ఆవిరంతా తడిదే అనుకున్నా, నీళ్లు 100 డిగ్రీలకు చేరాలంటే 600 వాట్లు కావాలి. మీటర్ చూపించింది 300 వాట్లే. మిగిలిన సగం ఎక్కడి నుంచి వచ్చింది? తడి ఆవిరి ఒక్కటే మొత్తం కథ చెప్పలేదు. అందుకే ఆస్ట్రేలియాలో ఒక ఇంజనీర్ చూపు ప్లగ్ మీద పడింది.

ఆయన పేరు ఇయాన్ బ్రైస్. ఆస్ట్రేలియా హేతువాద సంఘంలో ఇలాంటి క్లెయిములను పరీక్షించేవారు. ఆయన ఊహ సింపుల్. ప్లగ్‌లో మూడు వైర్లు ఉంటాయి. ఫేజ్, న్యూట్రల్, ఎర్త్. డెమోలో కరెంటును కొలిచింది ఒక వైరు మీదే. మన ఎలక్ట్రీషియన్లు టంగ్ టెస్టర్ అంటారే, ఆ క్లాంప్ మీటర్‌ను వైరు చుట్టూ తగిలిస్తే, దాని గుండా వెళ్లే కరెంటు చూపిస్తుంది. ఆ వైరులోది మాత్రమే! పక్క వైరులో ఏం వెళ్తోందో దానికి తెలియదు.

ఎర్త్ వైరులో మామూలుగా కరెంటు ఉండదు. అందుకే దాన్ని ఎవరూ కొలవరు. మరి ప్లగ్ లోపల ఎర్త్ వైరును కూడా ఫేజ్‌కు కలిపి పెడితే? కరెంటులో కొంత మీటరు ఉన్న వైరు గుండా, మిగతాది పసుపు-ఆకుపచ్చ ఎర్త్ వైరు గుండా లోపలికి వెళ్తుంది. లోపల ఇంకో హీటర్‌ను కాల్చి న్యూట్రల్ గుండా తిరిగొస్తుంది. మీటర్‌లో 300 వాట్లు, అసలు లోపలికి వెళ్లేది 600 కావచ్చు, 2,000 కావచ్చు. మామూలు 16 ఆంపియర్ల ప్లగ్ మూడున్నర కిలోవాట్ల దాకా లాగగలదు. బయటికి చూస్తే అదే ప్లగ్, అదే వైరు. ఇది ఇంట్లో ఎవరూ ట్రై చేయొద్దు. ఎర్త్‌కు ఫేజ్ తగిలితే యంత్రం బాడీ మొత్తం షాక్ కొడుతుంది, ప్రాణం పోతుంది.

డెమోలో ఇలాగే జరిగిందని బ్రైస్ దగ్గర రుజువు లేదు. ఆయన అన్నదీ అది కాదు. ఇలా జరిగి ఉండే అవకాశాన్ని ఆ కొలత పద్ధతి కొట్టిపారేయలేదు అన్నారు. న్యూట్రల్ వైరు మీద కూడా ఒకసారి మీటరు పెట్టి ఉంటే, రెండు అంకెలూ సరిపోలితే, ఈ అనుమానం అక్కడికక్కడే పోయేది. పది సెకన్ల పని.

దీని మీద ఆస్ట్రేలియా వ్యాపారవేత్త డిక్ స్మిత్ 2012 ఫిబ్రవరిలో ఏకంగా 10 లక్షల డాలర్ల బహుమతి ప్రకటించారు. మార్చి 29 డెమోనే మళ్లీ చేయండి, ఈసారి వైర్లన్నీ కొలవనివ్వండి, నిలబడితే డబ్బు మీదే అన్నారు. రోసీ ఒప్పుకోలేదు. తన యంత్రాన్ని మార్కెట్టే పరీక్షిస్తుందన్నారు.

క్లాంప్ మీటర్‌తో ఇంకొన్ని చిక్కులు కూడా ఉన్నాయి. ఫేజ్, న్యూట్రల్ రెండిటినీ కలిపి క్లాంప్‌లో పెడితే మీటర్ సున్నా చూపిస్తుంది, ఎందుకంటే వచ్చే కరెంటు, పోయే కరెంటు ఒకదాన్నొకటి కొట్టేసుకుంటాయి. ఇది ఏ ఎలక్ట్రీషియన్ అయినా చెబుతాడు. ఒకే తొడుగు లోపల రెండు సన్నటి తీగలు దాచి, పైకి ఒకే వైరులా చూపిస్తే? మీటర్‌కు దాదాపు ఏమీ కనబడదు. మామూలు ఏసీ క్లాంప్‌కు డీసీ కరెంటు కూడా తెలియదు. 2013లో లెవీతో పాటు స్వీడన్ ప్రొఫెసర్లు కలిసి రాసిన రిపోర్టు వచ్చినప్పుడు విమర్శకులు పట్టుకున్నవి ఇవే. ఉప్సాలా యూనివర్సిటీకే చెందిన ఎరిక్సన్, పాంప్ అనే ఇద్దరు ఫిజిసిస్టులు ఆ టెస్ట్‌ను స్వతంత్ర పరీక్ష అనలేమని గట్టిగా రాశారు.

ప్రొఫెసర్లకు తెలియదా?

తెలుసు. తెలిసినా పట్టుకోలేకపోవచ్చు. ల్యాబ్‌లో పనిచేసే మనిషికి ప్రకృతి అబద్ధం చెప్పదు. మీటర్ తప్పు చూపిస్తే అది పాడైందనుకుంటాడు తప్ప, ప్లగ్ విప్పి చూడాలని అనిపించదు. మ్యాజిక్ చేసేవాళ్లకు తెలిసింది ఇదే. చదువుకున్నవాడిని మోసం చేయడం కష్టమనుకుంటాం గానీ, అతను ఎటు చూస్తాడో ముందే తెలుస్తుంది కాబట్టి కొన్నిసార్లు సులువే.

పాత కథలు చూస్తే ఇంకా బాగా అర్థమవుతుంది. 1813లో న్యూయార్క్‌లో చార్ల్స్ రెడ్‌హెఫర్ అనే ఆయన ఇంధనం లేకుండా తిరిగే యంత్రం అంటూ టికెట్ పెట్టి మరీ చూపించాడు. స్టీమ్ బోటుతో పేరు తెచ్చుకున్న రాబర్ట్ ఫుల్టన్ వచ్చి చూశాడు. చక్రం ఒకే వేగంతో తిరగడం లేదు, ఎవరో చేత్తో తిప్పుతున్నట్టు ఎగుడుదిగుడుగా తిరుగుతోందని చెవితోనే పట్టేశాడు. పక్కనున్న చెక్కలు ఊడగొడితే లోపల సన్నటి తాడు, అది గోడ గుండా పై అటక దాకా వెళ్లింది. అక్కడ ఒక గడ్డం ముసలాయన ఒక చేత్తో రొట్టె ముక్క తింటూ, ఇంకో చేత్తో హ్యాండిల్ తిప్పుతున్నాడు!

ఫిలడెల్ఫియాలో జాన్ కీలీ ఇంకా ఘనుడు. పాతికేళ్ల పాటు ఇన్వెస్టర్ల డబ్బుతో 'కొత్త శక్తి' మోటారు డెమోలు నడిపాడు. 1898లో ఆయన చనిపోయాక వర్క్‌షాప్ నేల తవ్వితే పెద్ద ఉక్కు గోళం, పైపులు దొరికాయి. గాలిని కుదించి నింపే ట్యాంకు అది.

మన పక్క రాష్ట్రంలోనూ ఒకటి జరిగింది. 1996లో తమిళనాడుకు చెందిన రామర్ పిళ్లై ఆకులు, నీళ్లతో పెట్రోల్ చేస్తానంటే దేశమంతా నమ్మింది. ఆ వార్తలు తెలుగు పేపర్లు చదివినవాళ్లకు గుర్తుండే ఉంటాయి. కలిపే కర్ర బోలుగా ఉందని, అందులో ఇంధనం దాచి మైనంతో మూశారని సైంటిస్టులు అనుమానించారు. తర్వాత సీబీఐ కేసు నడిచి, 2016లో చెన్నై కోర్టు ఆయనకు మూడేళ్ల జైలు శిక్ష వేసింది. అక్కడా డెమో చూసినవాళ్లందరూ గిన్నెలోకే చూశారు. కర్ర వైపు చూడలేదు.

రోసీ గతం గురించి కూడా రెండు ముక్కలు. ఈ-క్యాట్‌కు ముందు ఆయన పెట్రోల్‌డ్రాగన్ అనే కంపెనీ పెట్టి చెత్త నుంచి నూనె తీస్తానన్నారు. విషవ్యర్థాల కేసులు పడ్డాయి, జైలుకెళ్లారు. చాలా కేసుల్లో నిర్దోషిగా బయటపడ్డానని ఆయన చెబుతారు. ఆ తర్వాత అమెరికాలో వేడిని నేరుగా కరెంటుగా మార్చే పరికరం అన్నారు. ఒక్కోటీ 800 నుంచి 1,000 వాట్లు ఇవ్వాలి. అమెరికా ఆర్మీ ల్యాబ్ రిపోర్టు ప్రకారం చాలావరకు పనిచేయనేలేదు, పనిచేసినవి ఒక్క వాట్ దగ్గర ఆగిపోయాయి. గతం బాగోలేదని యంత్రం అబద్ధమైపోదు. కానీ ఇలాంటి గతం ఉన్న డెమోలో ప్లగ్ విప్పి చూపించమని అడగడం అవమానం కాదు.

నీళ్ల మీటరు, వేడి కెమెరా

నీళ్ల మీటర్‌ను కూడా బోల్తా కొట్టించొచ్చా? కొట్టించొచ్చు. దీనికి ఎక్కడికో వెళ్లక్కర్లేదు. రోసీతో కలిసి మొదలై తర్వాత విడిపోయిన డిఫ్కాలియన్ అనే గ్రీకు కంపెనీ సొంతంగా అలాంటి యంత్రమే చేశామంటూ 2013 జులైలో మిలాన్ నుంచి లైవ్ డెమో ఇచ్చింది. ఆ కంపెనీ యూరప్ విభాగంలో పనిచేసిన లూకా గాంబెరాలే అనే ఫిజిసిస్టుకే అనుమానం వచ్చింది. ఆయన చేసి చూస్తే, పైపులో నీళ్లు దాదాపు కదలకపోయినా వాల్వును ఒక పద్ధతిలో తిప్పితే మీటరు బాగా నీళ్లు పోతున్నట్టు చూపించింది. 2014లో ఆయన రిపోర్టు బయటపెట్టారు. నీళ్లు ఎన్ని పోయాయో బకెట్‌లో పట్టి తూకం వేసి ఉంటే లైవ్ డెమో రోజే తెలిసిపోయేది.

ఇక వేడి కెమెరా సంగతి. 2014లో స్విట్జర్లాండ్‌లోని లుగానోలో 32 రోజుల టెస్ట్ జరిగింది. 1,500 యూనిట్లకు పైగా అదనపు వేడి వచ్చిందని, పెట్టినదానికి మూడున్నర రెట్ల దాకా వచ్చిందని రిపోర్టు. అక్కడ నీళ్లు లేవు, ఆవిరి లేదు. ఎర్రగా కాలుతున్న పింగాణీ గొట్టాన్ని ఇన్‌ఫ్రారెడ్ కెమెరాతో చూసి టెంపరేచర్ లెక్కకట్టారు. కెమెరా నేరుగా టెంపరేచర్ చూడదు, వస్తువు నుంచి వచ్చే కిరణాలను చూస్తుంది. ఆ వస్తువు ఎంత బాగా కిరణాలను వదులుతుందో మనం ఒక అంకె ఇవ్వాలి. ఆ అంకె నిజం కంటే తక్కువ ఇస్తే, కెమెరా టెంపరేచర్‌ను ఎక్కువ చేసి చెబుతుంది. వేడి లెక్కలో టెంపరేచర్‌ను నాలుగుసార్లు హెచ్చవేస్తారు కాబట్టి చిన్న తేడా పెద్దదైపోతుంది. ఆ కెమెరా చూసే కిరణాలకు వాడాల్సిన అంకె వేరు, టీమ్ వాడినది వేరు అని తర్వాత విమర్శకులు చూపించారు. సరిచేస్తే అదనపు వేడి దాదాపు మాయం. ఇక్కడ మోసం కూడా అవసరం లేదు, లెక్క తప్పితే చాలు.

అదే టెస్ట్‌లో బూడిదను పరీక్షిస్తే నికెల్-62 అనే రకం 98 శాతం పైనే ఉంది. ప్రకృతిలో దొరికే నికెల్‌లో అది నాలుగు శాతం కూడా ఉండదు. అణు చర్యకు రుజువు దొరికిందని పండగ చేసుకున్నారు. కానీ నికెల్-62 డబ్బిచ్చి కొనుక్కోగలిగే వస్తువే. పొడి వేసేటప్పుడు, తీసేటప్పుడు రోసీ అక్కడ ఉండి చేయి వేశారని ఆ రిపోర్టే చెబుతోంది. 2011లో స్వీడన్ వాళ్లకు ఇచ్చిన వాడేసిన పొడిలో 10 శాతం రాగి కనిపించింది. నికెల్ రాగిగా మారిందన్నారు. అది మామూలు రాగిలో ఉండే పాళ్లలోనే ఉన్న రాగి!

రూ. కోట్లు పెట్టినవాళ్లు ఏమన్నారు?

ఇప్పటిదాకా ఇది సైన్స్ గొడవ. 2012 తర్వాత డబ్బు వచ్చింది. అమెరికాలోని నార్త్ కరోలినాకు చెందిన ఇండస్ట్రియల్ హీట్ అనే కంపెనీ రోసీతో ఒప్పందం చేసుకుని 1.15 కోట్ల డాలర్లు చెల్లించింది. ఒక మెగావాట్ ప్లాంటు ఏడాది పాటు సక్రమంగా నడిస్తే ఇంకో 8.9 కోట్ల డాలర్లు ఇవ్వాలి.

ఫ్లోరిడాలోని డోరల్‌లో ఒక గోడౌన్‌లో ప్లాంటు పెట్టారు. పక్కనే ఒక కస్టమర్ కంపెనీ ఆ ఆవిరిని వాడుకుంటోందన్నారు. దాదాపు ఏడాది నడిచి 2016 ఫిబ్రవరిలో ఆగింది. టెస్ట్ సూపర్ సక్సెస్ అని రిపోర్టు వచ్చింది. ఇండస్ట్రియల్ హీట్ డబ్బు ఇవ్వలేదు. 2016 ఏప్రిల్‌లో రోసీ కోర్టుకెక్కారు.

కోర్టులో వచ్చిన వాదనలు చదివితే సినిమా చూసినట్టే ఉంటుంది. కస్టమర్ కంపెనీ ప్రెసిడెంట్ రోసీ లాయరే. నిజమైన కస్టమరే లేడని, అది పేరుకు మాత్రమే పెట్టిన కంపెనీ అని ఇండస్ట్రియల్ హీట్ వాదించింది. ప్లాంటులోకి వెళ్లిన నీళ్లు కొన్ని వారాల పాటు రోజూ కచ్చితంగా 36,000 కిలోలని రిపోర్టులో ఉందని వాళ్ల ఇంజనీర్ పట్టుకున్నారు. ఏ పంపు అయినా రోజుకో రకంగా కొద్దో గొప్పో తేడా చూపిస్తుంది. వారాల తరబడి ఒకే అంకె రావడం ఏంటన్నది ఆయన ప్రశ్న.

ఇంకో ప్రశ్న ఇంకా సూటిగా ఉంది. ఒక మెగావాట్ వేడి అంటే 2 కిలోవాట్ల గీజర్లు 500 రాత్రీ పగలూ నడిచినట్టు. అంత వేడి ఆ గోడౌన్‌లోంచి ఎక్కడికి పోయింది? ఫ్లోరిడా ఎండలో, రేకుల కప్పు కింద, బయటికి పోయే దారి లేకపోతే లోపల మనిషి నిలబడలేడు. పై అంతస్తులో పెద్ద హీట్ ఎక్స్ఛేంజర్, ఫ్యాన్లు పెట్టి కిటికీ గుండా వేడిని బయటికి పంపామని రోసీ జవాబిచ్చారు. అది తర్వాత విప్పేశామన్నారు. అలాంటిదేదీ అక్కడ కనబడలేదని అవతలి పక్షం అంది.

జ్యూరీ ముందు విచారణ మొదలైన కొద్ది రోజులకే, 2017 జులై 5న ఇద్దరూ రాజీపడ్డారు. 8.9 కోట్ల డాలర్లు రోసీకి రాలేదు. ఇచ్చిన 1.15 కోట్ల డాలర్లు కంపెనీకి తిరిగి రాలేదు. లైసెన్స్ రోసీకి వెళ్లిపోయింది. వేడి వచ్చిందా లేదా అన్నది జ్యూరీ దాకా వెళ్లకుండానే ఫైలు మూసేశారు.

ఆ తర్వాత 2019 జనవరిలో ఒకసారి, 2021 డిసెంబర్‌లో ఇంకోసారి రోసీ కొత్త మోడళ్లతో ఆన్‌లైన్ ప్రెజెంటేషన్లు ఇచ్చారు. చూసినవాళ్లు ప్రపంచమంతా ఉన్నారు. ప్లగ్, వైర్లు, మీటర్లు మాత్రం అన్నీ ఆయన వైపు నుంచి వచ్చినవే. డిక్ స్మిత్ ప్రకటించిన 10 లక్షల డాలర్లు ఎవరూ తీసుకోలేదు.